ఆదివారం పనికి రామని చెప్పిన పల్లె: క్లౌ దొర జీవితం, దేవుని ధర్మశాస్త్రం

ప్రకాశం, నెల్లూరు జిల్లాల మాదిగ పల్లెల్లో ఆదివారానికి ఉన్న విలువ బయటివాళ్ళకు అంత తొందరగా అర్థం కాదు. తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని, బైబిలు పట్టుకొని ప్రార్థనకు వెళ్ళడం అందరికీ కనిపిస్తుంది. ఆ ఒక్క రోజు కోసం మన ముత్తాతలు తిన్న దెబ్బలు మాత్రం కనిపించవు. వారానికి ఒకరోజు పనికి రామని చెప్పినందుకు వాళ్ళకు నీళ్ళు బందయ్యాయి, కూలి బందైంది, కొన్నిచోట్ల ఊళ్ళో నిలువ నీడ లేకుండా పోయింది.

క్రైస్తవ విశ్వాసంలో దేవుని ధర్మశాస్త్రానికి చోటెక్కడ అన్నది వేదాంత కళాశాలల్లో పాత ప్రశ్న. రక్షణ కృప వల్లనే కలుగుతుందంటే పది ఆజ్ఞలు ఇంకెందుకు? ఆజ్ఞలు పాటించాల్సిందే అంటే కృపకు అర్థమేమిటి? ఈ ప్రశ్న మీద లూథర్ నుంచి నేటి దాకా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం యజమానులుగా, పౌరులుగా బతికినవాళ్ళు రాసుకున్నవి. ఊరి కట్టుబాటు తప్ప మరో చట్టం ఎరుగని వెట్టి మనుషుల దగ్గరికి దేవుని ఆజ్ఞ వచ్చినప్పుడు ఏం జరిగిందో వాటిలో పెద్దగా దొరకదు. అందుకే మేము ఈ ప్రశ్నను ఒంగోలు నుంచి, జాన్ ఎవరెట్ క్లౌ అనే మనిషి జీవితం నుంచి చూడాలనుకున్నాం. మన పెద్దలు ఆయన్ని క్లౌ దొర అన్నారు.

గొలుసు పట్టిన కుర్రవాడు

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సామాన్య రైతు కుటుంబంలో పుట్టాడు. బతుకుతెరువు కోసం ఆ కుటుంబం పడమటికి వలసపోయి అయోవాకు చేరింది. కుర్రతనంలోనే అతను మిన్నెసోటా అడవుల్లో భూమి కొలిచే సర్వే బృందంలో కూలి పనికి కుదిరాడు. గొలుసులు మోయడంతో మొదలుపెట్టి కొలతల లెక్కలు నేర్చుకున్నాడు. ఈ పనితనం ఇరవై ఏళ్ళ తర్వాత ఒక కాలువ గట్టు మీద వేలమంది ప్రాణాలు నిలబెడుతుందని అప్పుడు ఎవరూ అనుకొని ఉండరు.

సర్వేలో సంపాదించిన డబ్బుతో బర్లింగ్టన్‌లో చదువుకు చేరాడు. అక్కడే బాప్టిస్టు సంఘంలో చేరి బాప్తిస్మం పొందాడు. హ్యారియట్ సండర్లండ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1864 చివరలో భార్యాభర్తలు బోస్టన్‌లో ఓడ ఎక్కి 1865లో మద్రాసు చేరి, అక్కడి నుంచి నెల్లూరు వచ్చారు. వాళ్ళతోపాటు అప్పటికే నెల్లూరులో ఏళ్ళ తరబడి పనిచేసి సెలవు మీద అమెరికా వెళ్ళిన లైమన్ జువెట్ కూడా తిరిగివచ్చాడు.

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840 నుంచీ పనిచేస్తున్నారు. పాతికేళ్ళకు చేరింది కొద్దిమందే. ఖర్చు దండగని తెలుగు మిషన్‌ను మూసేయాలన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలోని చాలా మిషన్ల తీరే ఇక్కడా నడిచింది. బ్రాహ్మణులు, కోమట్లు, పెద్ద రైతులు మారితే వాళ్ళ వెనుక కింది కులాలు వస్తాయని ఆశ. వీధి చివర నిలబడి ప్రసంగించడం, పైకులాల పిల్లలకు బడి పెట్టడం, ఎదురుచూడడం. ఆ లెక్కను తలకిందులు చేసింది దొర కాదు, ఒక మాదిగ మనిషి.

పేరయ్య నడిచిన దారి

యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. ఒంగోలుకు పడమటి దిక్కున ఉన్న పల్లె ఆయనది. తోళ్ళు కొనడానికి ఉత్తరాన ఏలూరు వైపు దాకా వెళ్ళేవాడు. క్లౌ ఈ దేశానికి రాకముందే ఆయన దేవుడి కోసం వెతుకుతున్నాడు. రాజయోగం బోధించే గురువుల దగ్గర శిష్యుడయ్యాడు. దేవుడు ఆత్మ అనీ, రాయికీ చెట్టుకూ మొక్కడం వ్యర్థమనీ ఆ సాధనలోనే ఆయనకు తెలిసింది. ఆయన మాట వినే మాదిగ బంధువర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఉండేది. తోళ్ళ కోసం వెళ్ళిన దారిలోనే గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో పనిచేస్తున్న ఆంగ్ల మిషనరీల బోధ విన్నాడు. 1866లో జువెట్, క్లౌలను కలిసి, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు.

ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. మన చరిత్రను దొరల చరిత్రగా రాసేవాళ్ళు అజ్ఞానంలో ఉన్న మాదిగలకు మిషనరీ వెలుగు తెచ్చాడంటారు. హిందూత్వవాదులు అదే మాటను తిప్పి అమాయకులను మభ్యపెట్టాడంటారు. ఇద్దరి లెక్కలోనూ మాదిగకు బుద్ధి లేదు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, ధర్మశాస్త్రం అందని అన్యజనుల హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉంటుందనే ఆలోచన కనిపిస్తుంది. పేరయ్య జీవితం దానికి మన నేల మీద సాక్ష్యం. ఆజ్ఞల పలక ఒంగోలు చేరేసరికి దాన్ని చదవగల మనసు ఇక్కడ సిద్ధంగా ఉంది.

1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు నెల్లూరు నుంచి ఒంగోలుకు మకాం మార్చారు. 1867 జనవరి 1న 8 మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య పిలుపు మీద క్లౌ ఆయన పల్లెకు వెళ్ళాడు. చుట్టుపక్కల నుంచి మాదిగలు మూటాముల్లె కట్టుకొని చింతతోపులోకి వచ్చారు. కొన్ని రోజులు అక్కడే ఉండి బోధ విన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఎవరిని వదులుకోవాలి?

ఒంగోలు పైకులాల పెద్దలు క్లౌతో మొదట్లో బాగానే ఉన్నారు. బడి కావాలన్నారు, పిల్లల్ని పంపారు. మాదిగలు గుంపులుగా వస్తున్నారని తెలిశాక మాట మారింది. వీళ్ళను చేర్చుకుంటే మేము నీ గుమ్మం తొక్కమని తేల్చేశారు. క్లౌ తల పట్టుకున్నాడు. పాతికేళ్ళుగా మిషన్ ఎదురుచూసింది ఈ పైకులాల కోసమే.

ఆయన తర్వాత చెప్పుకున్న కథ ఇది. ఆయన ఒక గదిలో, హ్యారియట్ మరో గదిలో, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిచారు. ఇద్దరికీ దొరికింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం. జ్ఞానులనూ గొప్పవంశాల వాళ్ళనూ కాదని, లోకం నీచులని తోసేసిన వాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే వచనాలవి. ఇద్దరూ మాట్లాడుకొని ఒక నిర్ణయానికి వచ్చారు. మాదిగలను చేర్చుకోవాలి, పైకులాల వాళ్ళు పోతే పోవాలి. వాళ్ళు పోయారు.

ధర్మశాస్త్రం గురించి మాట్లాడేముందు ఈ వరుస గమనించాలి. మాదిగలు ఫలానా నియమాలు పాటించి అర్హత సంపాదించారని చేర్చుకోలేదు. ఏ అర్హతా అడగని పిలుపు ముందు వచ్చింది. నిర్గమకాండంలోనూ వరుస ఇదే. ఐగుప్తులో ఇటుకలు చేసే బానిసలను దేవుడు ముందు విడిపించాడు, ఆ తర్వాతే సీనాయి కొండ దగ్గర ఆజ్ఞలిచ్చాడు. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని ఐగుప్తులో బేరం పెట్టలేదు. విడుదలైనవాళ్ళు మళ్ళీ బానిసలు కాకుండా, మరొకరిని బానిసలు చేయకుండా బతకడానికి ఇచ్చిన కట్టడి అది.

మూడు నియమాలు

అక్షరం రాని వేలమందికి ఏం నేర్పాలి, ఎంత నేర్పాలి? సువార్త చెప్పే మాదిగ బోధకులతో కలిసి పల్లె పల్లె తిరిగిన క్లౌ, కొత్తవాళ్ళ ముందు మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఎవరు మారారో ఊరంతటికీ కనిపించే గుర్తులివి.

ప్రొటెస్టెంటు సంఘాలు పాత నిబంధన ధర్మశాస్త్రాన్ని సాధారణంగా మూడు పాలుగా చూస్తాయి. బలులు, పండుగలు, తిండి నియమాలు ఆచార భాగం. ఇశ్రాయేలు రాజ్యపాలనకు చెందినవి పౌర భాగం. పది ఆజ్ఞల్లో సారంగా ఉన్నది నైతిక భాగం. మొదటి రెండూ క్రీస్తుతో తీరిపోయాయి, మూడోది ఎప్పటికీ నిలుస్తుంది అన్నది బోధ. అది రక్షణను కొని ఇవ్వదు. పాపాన్ని చూపిస్తుంది, చెడును అడ్డుకుంటుంది, విశ్వాసికి నడిచే దారి చెబుతుంది. ఈ చట్రంలో పెట్టి చూస్తే క్లౌ మూడు నియమాలు ఎక్కడ నిలుస్తాయి?

ఆదివారం నియమం పది ఆజ్ఞల్లోని విశ్రాంతి దినం ఆజ్ఞ. ఈ ఆజ్ఞ నీవు, నీ పిల్లలు అని ఆగదు. దాసుణ్ణి, దాసిని, ఎద్దును, గాడిదను, నీ ఇంట్లో ఉన్న పరదేశిని కూడా పేరుపేరునా లెక్కపెడుతుంది. ద్వితీయోపదేశకాండం దీనికి చెప్పే కారణం ఇంకా సూటిగా ఉంటుంది. నీవు ఐగుప్తులో బానిసవని మరచిపోవద్దు, అందుకే నీ దాసుడికి విశ్రాంతినివ్వు. యజమానికి ఇది కరుణ నేర్పే ఆజ్ఞ. వెట్టి మాదిగకు ఇది హక్కుల పత్రం. ఊరి చెప్పులు, నీళ్ళు తోడే తోలు బానలు, పొలం పని, కబురు మోయడం, ఇవన్నీ పిలిచినప్పుడల్లా చేయాల్సిన మనిషికి తనదంటూ ఒక రోజు లేదు. ఆ మనిషి రెడ్డి ముందు నిలబడి ఈరోజు రానని చెప్పడం భక్తి మాత్రమే కాదు. తన సమయానికి హక్కుదారు రెడ్డి కాదని, అంతకన్నా పెద్ద అధికారం ఉందని చెప్పడం. కూలి సంఘాలు పుట్టకముందు మన పల్లెల్లో జరిగిన పని బంద్ అది.

విగ్రహాల నియమం పది ఆజ్ఞల్లో మొట్టమొదట వచ్చేది. మన ఊళ్ళలో దాని అర్థం మొక్కడం మానేయడంతో అయిపోలేదు. అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం మాదిగ విధి. అది ఇష్టం ఉంటే కొట్టే వాయిద్యం కాదు, కొట్టకపోతే శిక్ష పడే చాకిరీ. మాదిగ డప్పు లేనిదే ఊరి దేవత కదలదు. కానీ ఆ మాదిగ గుడి మెట్టెక్కకూడదు. నాకు వేరే దేవుడు లేడన్న ఆజ్ఞ పట్టుకొని మాదిగ డప్పు కింద పెట్టేసరికి ఊరి జాతర ఆగింది. కులాన్ని పూజగా మార్చి నడిపిస్తున్న ఏర్పాటుకు అక్కడ దెబ్బ తగిలింది.

మూడోదే చిక్కు. చచ్చిన గొడ్డు మాంసం గురించి పది ఆజ్ఞల్లో ఏమీ లేదు. లేవీయకాండంలో, ద్వితీయోపదేశకాండంలో ఉన్నది తిండి నియమం. సంఘం సొంత లెక్క ప్రకారమే అది క్రీస్తుతో తీరిపోయిన ఆచార భాగం. లోపలికి పోయేది మనిషిని అపవిత్రం చేయదని యేసు బోధించినట్టు మార్కు సువార్త చెబుతుంది. మరి బాప్టిస్టు పాదిరి దీన్ని విశ్వాసానికి గుర్తుగా ఎందుకు పెట్టాడు? పైకులాల అసహ్యాన్నే అతను బైబిలు బట్ట కప్పి తెచ్చాడా? ఆ అనుమానం మాకు వచ్చింది. మీకూ రావాలి.

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలోని ఆ వచనాన్ని మళ్ళీ చదివాక మేము దీన్ని మరో విధంగా చూస్తున్నాం. దానంతట చచ్చినది మీరు తినకండి, మీరు ప్రతిష్ఠిత జనం అంటుంది ఆ వచనం. అక్కడితో ఆగక, మీ గుమ్మాల్లో ఉన్న పరదేశికి దాన్ని ఇవ్వవచ్చు అంటుంది. తెలుగు పల్లెలో ఆ గుమ్మం అవతలి పరదేశి ఎవరు? చచ్చిన గొడ్డు ఎవరి వాటా? చనిపోయిన పశువును ఈడ్చుకుపోవడం, దాని తోలుతో ఊరికి చెప్పులు కుట్టి ఇవ్వడం, దాని మాంసం తిని బతకడం మాదిగకు ఊరు రాసిన ఒప్పందం. దాన్ని తినమని చెప్పినప్పుడు మాదిగ ఆ వచనంలో తన స్థానం మార్చుకున్నాడు. గుమ్మం అవతలివాడిగా ఉండనన్నాడు, తానూ ప్రతిష్ఠిత జనమే అన్నాడు. నియమం గొడ్డు మాంసం మీద కాదు, ఊరు విసిరేసిన శవం మీద. ఈ తేడా ఇవాళ మన ఆహార హక్కు గురించి మాట్లాడేటప్పుడు కూడా మరవకూడదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం మానేయమని మహర్లకు చెప్పింది కూడా ఆత్మగౌరవం కోసమే. ఒంగోలు మాదిగలు అంతకు అరవై ఏళ్ళ ముందే ఆ పని మొదలుపెట్టారు.

ఊరు ఊరుకోలేదు

రెడ్లకు, కరణాలకు ఈ వేదాంతం చప్పున అర్థమైంది. మాదిగలు ఏ దేవుణ్ణి తలచుకుంటారన్నది వాళ్ళకు పట్టలేదు. ఆదివారం పని ఆగడం, జాతరలో డప్పు ఆగడం పట్టింది. కొత్త క్రైస్తవులకు బావి నీళ్ళు ఆపారు. కొట్లలో సరుకులు ఇవ్వనివ్వలేదు. కూలి పిలవలేదు. కొట్టారు. తప్పుడు కేసులు పెట్టించారు. ఊరి మునసబు, కరణం చేతిలో ఉన్న కొద్ది అధికారమంతా మాదిగపల్లె మీదికి తిరిగింది.

ఆ రోజుల్లో వెనక్కి పోయినవాళ్ళూ ఉన్నారు, ఆకలికి తలవంచినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. నిలబడినవాళ్ళు మాత్రం ఒంటరిగా నిలబడలేదు. పల్లె పెద్ద మారితే పల్లె మారింది, పల్లె నిలబడితే ఒక్కొక్కరు నిలబడగలిగారు. పడమటి దేశాల పాదిరిలకు ఇది మింగుడుపడలేదు. విశ్వాసం ఒక్కొక్క మనిషి మనసులో పుట్టాలని, గుంపుగా వచ్చేది విశ్వాసమెలా అవుతుందని అడిగారు. క్లౌ మాత్రం మాదిగల బంధుత్వాన్ని, పల్లె కట్టును విరగ్గొట్టకుండా దాని మీదే సంఘాన్ని నిలబెట్టాడు. పది ఆజ్ఞలు కూడా ఒక జనానికి ఇచ్చినవే. పక్కవాడు పనికి పోతుంటే ఒక్కడు విశ్రాంతి దినం పాటించలేడు.

1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల మొదలైంది. మాదిగ యువకులు అక్కడ చదివి బోధకులయ్యారు. ఊళ్ళో అక్షరం మీద కరణం గుత్తాధిపత్యానికి అదొక గండి.

కరువు, కాలువ, గుండ్లకమ్మ

1876లో మొదలైన గొప్ప కరువు 1878 దాకా దక్షిణాదిని పీల్చేసింది. లక్షల మంది చనిపోయారు. మొదట కూలినాలి లేక కూలిపోయింది మాల మాదిగలే. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చిన కొలతల విద్య ఇక్కడ పనికొచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేరే చోట్ల మేస్త్రీలు కొట్టి తిట్టి కూలి కాజేస్తుంటే ఇక్కడ చేసిన పనికి చేతిలో డబ్బు పడింది. ఆకలి అందరినీ ఒకే గట్టు మీదికి తెచ్చింది. మాదిగ బోధకుడు లెక్క రాస్తే పైకులాల కూలీలు అతని చేతి నుంచి కూలి తీసుకున్నారు.

కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు చాలామంది. క్లౌ ఇవ్వలేదు. గింజల కోసం మారారన్న మాట రాకూడదని 15 నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం మతం అడగలేదు, మతం కోసం కూలి ఎర వేయలేదు. దొంగిలకూడదు, అబద్ధ సాక్ష్యం చెప్పకూడదు అన్న ఆజ్ఞలు కాంట్రాక్టరుకూ పాదిరికీ వర్తిస్తాయని ఆయన చేతల్లో చూపిన కాలం ఇది. ఆయన జీవితంలో మేము అన్నిటికన్నా గౌరవించేది ఈ రెండేళ్ళను.

1878 నడిమికి కరువు సాయం సొమ్ము అయిపోయింది. ఇవ్వడానికి ఇంకేమీ లేదని స్పష్టంగా చెప్పాక కూడా జనం కదల్లేదు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్ళలో దిగి ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకొని ఇచ్చారు. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవాళ్ళు 9,606 మంది. అమెరికా పత్రికలు ఈ లెక్క చూసి ఆశ్చర్యపోయాయి. అనుమానించాయి కూడా. మాకు ఈ లెక్క కన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. తాకితే మైలపడతామని ఊరు దూరం పెట్టిన 2,222 మంది, అందరి కళ్ళ ముందు, నదిలో దిగారు.

దొర చూడని వైపు

క్లౌను దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు. ఆయన దొరగానే బతికాడు. బంగళాలో ఉన్నాడు, బ్రిటిష్ అధికారుల అండ వాడుకున్నాడు. నిధులు, నిర్ణయాలు మిషన్ చేతిలోనే ఉండిపోయాయి. 1893లో హ్యారియట్ చనిపోయాక ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్ళి చేసుకున్నాడు. సామాజిక సువార్త వేదాంతానికి అమెరికాలో పేరు తెచ్చిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె అక్క. మాదిగల జీవితాల మీద ఆమె 1899లో ఒక పుస్తకం అచ్చువేసింది. క్లౌ ఆత్మకథను రాసి పెట్టింది కూడా ఆమే. అది ఆయన పోయాక 1914లో వచ్చింది. మన ముత్తాతల గురించి మనం చదివేది ఎక్కువ భాగం ఈ ఇద్దరి కలం దాటి వచ్చినదే. నాగమ్మ లాంటి ఆడవాళ్ళు పల్లెల్లో ఎంత నడిచారో, ఏం మాట్లాడారో అందులో కొంచెమే మిగిలింది.

నియమాల్లోనూ లోపముంది. మూడూ అణగారినవాళ్ళ మీద పెట్టినవే. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించు అన్నది ధర్మశాస్త్ర సారమని యేసు చెప్పాడు. ఆ ఆజ్ఞను ఉల్లంఘిస్తున్నది ఊరు. మాదిగ నడతను కొలవడానికి మూడు గుర్తులు పెట్టిన మిషన్, ఊరి నడతను కొలిచే గుర్తు ఒక్కటీ గట్టిగా పెట్టలేకపోయింది. ఒంగోలులో మాదిగలు ముందు రావడంతో మాలలు చాలావరకు దూరంగా ఉండిపోయారు. ఒక్కో మిషన్ ఒక్కో కులం సంఘంగా గట్టిపడింది. ఆ గోడ మన చర్చిల మధ్య ఇప్పటికీ ఉంది. పెళ్ళి సంబంధాల దగ్గర, సంఘ ఎన్నికల దగ్గర అది బాగా కనిపిస్తుంది. కులం పాటించడం పాపమని నాలుగో నియమం ఒకటి మొదటి రోజు నుంచే పెట్టి ఉంటే అని మాకనిపిస్తుంది.

విడిపించడానికి వచ్చిన నియమం కాలం గడిచాక తనిఖీగా మారే ప్రమాదమూ మనం చూశాం. కూలి కోసం ఆదివారం పోయిన ఒంటరి ఆడమనిషిని సంఘంలో నిలదీసే పెద్దలున్నారు. డప్పు ముట్టుకుంటే దయ్యం పని అనే పాస్టర్లున్నారు. విశ్రాంతి దినం మనిషి కోసమే గానీ మనిషి దానికోసం కాదన్న యేసు బోధ వాళ్ళకు తెలియనిది కాదు. మన ముత్తాత డప్పు కింద పెట్టింది బలవంతపు చాకిరీని కాదనడానికి. మనం ఇవాళ ధర్నాలో డప్పు ఎత్తుకున్నది కూడా అదే చాకిరీ గుర్తును తిరగేయడానికి. ఆజ్ఞ డప్పు మీద కాదు, డప్పు కొట్టించే అధికారం మీద.

క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశాడు. ఒంగోలులో ఆయన పేరు మీద ఆసుపత్రి వెలిసింది. జువెట్ పేరు మీద చర్చి ఉంది. పేరయ్య పేరు మన నోళ్ళలో ఉండాల్సినంత లేదు.

ఈ కథ ఎక్కడిదాకా వచ్చింది?

1985 జూలై 17న చీరాల పక్కన కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది చెరువు దగ్గర. మాదిగలు తాగే నీళ్ళను గేదెల కుడితి బకెట్లు కడిగి పాడుచేస్తుంటే ఒక మాదిగ యువకుడు, ఒక మాదిగ స్త్రీ వద్దన్నారు. ఆ పల్లెలో చాలామంది క్రైస్తవులు. వద్దని చెప్పడం వాళ్ళకు కొత్తగా ఎవరో నేర్పింది కాదు. ఆదివారం రామని, డప్పు కొట్టమని, శవం తినమని చెప్పిన తరాల నుంచి వచ్చింది. వాళ్ళ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరిచారు. క్రైస్తవ, ముస్లిం దళితులకు తెరవలేదు. దీన్ని పరిశీలించడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని చట్టం అంటుంది. కారంచేడులో గొడ్డళ్ళు పట్టుకొచ్చినవాళ్ళు ఎవరి బాప్తిస్మమూ అడగలేదు.

విశ్వాసంలో ధర్మశాస్త్రానికి చోటెక్కడ అన్న ప్రశ్నకు ఒంగోలు మాదిగలు ఇచ్చిన జవాబును మేము ఇలా అర్థం చేసుకున్నాం. దాన్ని వాళ్ళు మోక్షానికి ఎక్కే మెట్లుగా చూడలేదు. తమను ముందే ప్రేమించిన దేవుడు, తమ యజమాని కన్నా పెద్దవాడు, తమ చేతికిచ్చిన హుకుంగా చూశారు. దాన్ని పట్టుకొని ఊరి ముఖాన కాదని చెప్పారు. ఆ ఆజ్ఞల్లో మిగిలిన సగం, పొరుగువాడిని ప్రేమించమన్న సగం, ఇంకా అమలు కాలేదు. అది ఊరి మీద ఉన్న బాకీ. కులం గోడలు దాచుకున్న మన సంఘాల మీద కూడా ఉన్న బాకీ. దళిత క్రైస్తవ విద్యార్థులుగా, కార్యకర్తలుగా ఆ బాకీ అడగాల్సింది మనమే. వచ్చే ఆదివారం మన మన సంఘాల్లోనే మొదలుపెడదాం.